మైకా గనిలో కింద నుంచి పైకి మాట: అత్యవసర లైను ప్రాజెక్టు డైరీ

దశ 0: కొలతలు, షరతులు

చోటు నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం వైపు, లీజులో ఉన్న చిన్న భూగర్భ మైకా గని. షాఫ్టు (నిట్టనిలువు బావి) లోతు 48 మీటర్లు. మొదటి లెవెల్ (పని జరిగే అంతస్తు) 24 దగ్గర, రెండోది 46 దగ్గర. రెండో లెవెల్లో తూర్పు డ్రైవ్ (అడ్డంగా తవ్విన సొరంగం) 140 మీటర్లు పోతుంది, 75 దగ్గర ఒక వంపు. డ్రైవ్ చివర నిచ్చెనలున్న రెయిజ్ (కింద నుంచి పైకి తవ్విన దారి) ఒకటి పైకి తేలుతుంది, అదే రెండో దారి. షిఫ్టుకు 14 మంది. ముందునుంచీ ఉన్నది షాఫ్టు గంట తాడొక్కటే. అది బకెట్ ఎక్కించడానికి, దించడానికి పనికొస్తుంది గానీ డ్రైవ్ చివర ఉన్న మనిషికి అందదు.

పెట్టుకున్న షరతులు నాలుగు:

1. గని కరెంటు మొత్తం పోయినా 24 గంటలు పనిచేయాలి.
2. ఒక్కచోట రాయి పడితే మొత్తం లైను చావకూడదు.
3. చీకట్లో, తడి గ్లవుజుతో, చదువు రాకపోయినా వాడగలగాలి.
4. రోజువారీ పనికి కూడా ఇదే లైను వాడాలి. పెట్టెలో పెట్టి తాళం వేసిన అత్యవసర ఫోను ఆర్నెల్లకు తుప్పు ముద్ద అవుతుంది.

ఎవరైనా దీన్ని చూసి చేసేముందు: మేనేజరు రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క మేకు కూడా కొట్టొద్దు. చట్టప్రకారం ఉండాల్సిన సిగ్నళ్లకు ఇది అదనం, వాటి బదులు కాదు. బొగ్గు గనుల్లో ఈ పెట్టెలు అసలు దించకూడదు. అక్కడ మీథేన్ ఉంటుంది, నిప్పురవ్వ పుట్టించలేని డిజైను అని గనుల భద్రతా డైరెక్టరేట్ ఆమోదించిన పరికరాలే వాడాలి.

దశ 1 (రోజు 1–6): మాట లైను

పాత ల్యాండ్‌లైను ఫోన్లు రెండింటికి బ్యాటరీ కరెంటు 20 మిల్లీఆంప్‌ల చొప్పున అందితే చాలు, ఎక్స్ఛేంజి లేకుండానే మాట్లాడుకుంటాయి. డయల్ టోన్ ఉండదు, గంట మోగదు, మాట మాత్రం వస్తుంది. సర్క్యూట్ ఇంతే:

1. పైన గుడిసెలో 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు, సిరీస్‌లో. 24 వోల్టులు.
2. ప్లస్‌లో ఒక రెసిస్టరు, మైనస్‌లో ఒక రెసిస్టరు.
3. అక్కణ్ణుంచి రెండు జతల జెల్లీ కేబుల్ (తడి దూరకుండా లోపల జెల్లీ నింపిన టెలిఫోను కేబుల్), తీగ 0.5 మి.మీ. ఒక జత మాటకు, ఇంకో జత పిలుపుకు.
4. ఐదు ఫోన్లూ సమాంతరంగా: గుడిసె, మొదటి లెవెల్, రెండో లెవెల్, వంపు, డ్రైవ్ చివర.

గుడిసె నుంచి డ్రైవ్ చివరికి 246 మీటర్లు. 0.5 మి.మీ. రాగి జతకు కిలోమీటరుకు 176 ఓమ్‌లు, అంటే లెక్కకు 43 రావాలి. మీటరు 44 చూపింది. ఒక కీలు (తీగల అతుకు) సరిగా నొక్కలేదు, మళ్లీ చేశాక 43.3.

మొదట 220 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాం. ఇద్దరు మాట్లాడితే ఫోనుకు 20 మిల్లీఆంప్‌లు, బాగుంది. మూడో మనిషి ఎత్తగానే 14కు పడిపోయి గొంతు బావిలోంచి వచ్చినట్టయింది. ప్రమాదంలో ఒకేసారి ముగ్గురు ఎత్తడం ఖాయం. 150 ఓమ్‌లకు మార్చాక ముగ్గురికీ 19 చొప్పున వచ్చింది.

ఫోన్లను ప్లాస్టిక్ ఒళ్లు తీసేసి, తడి దూరని పెట్టెల్లో బిగించాం. రిసీవరు పెట్టే హుక్కు స్విచ్చి నాలుగో రోజే పచ్చబడింది. దాన్ని తీసేసి గాజు గొట్టపు రీడ్ స్విచ్చి పెట్టెలోపల అంటించి, రిసీవర్లో అయస్కాంతం ముక్క పెట్టాం. బయటికి కదిలే లోహపు భాగం ఏదీ లేదు. ఆ తర్వాత హుక్కు గొడవ రాలేదు.

ఒక తప్పు ముందే చెప్పాలి. ఎవరో డ్రైవ్ చివర రిసీవరు సరిగా పెట్టలేదు. 40 మిల్లీఆంప్‌లు ఆపకుండా పోతూనే ఉన్నాయి. ఆ లెక్కన 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ వారానికి ఖాళీ. గుడిసెలో 100 మిల్లీఆంప్‌ల ముల్లు మీటరు ఒకటి పెట్టాం. ముల్లు సున్నా మీద లేకపోతే కింద ఎక్కడో ఫోను ఎత్తి ఉన్నట్టు.

ఖర్చు: కేబుల్ 260 మీటర్లు 8,840, ఫోన్లు 2,250, బ్యాటరీలు 2,300, పెట్టెలు 2,600, బజర్లు, బటన్లు 750. మొత్తం ఇప్పటికి రూ. 16,740.

దశ 2 (రోజు 7–19): పిలుపు మోగలా

రెండో జత మీద బజర్లన్నీ సమాంతరంగా, ఎవరు బటన్ నొక్కినా అన్నీ మోగేలా. గదిలో చెవులు చిల్లులు పడ్డాయి. కింద డ్రిల్లు తిరుగుతుంటే రెండు బారల దూరంలో వినపడలేదు.

కాబట్టి హూటరూ మెరుపు దీపమూ కలిసినవి తెచ్చాం, 24 వోల్టులు, 180 మిల్లీఆంప్‌లు, నాలుగు. బిగించి పైనుంచి బటన్ నొక్కితే డ్రైవ్ చివరి మేట్ (పని చూసే పెద్ద) లైన్లో చెప్పిన మాట: "అన్నా, ఈడ దీపం ఎలగలా, పిల్లి మూలిగినట్టు ఏందో శబ్దం వస్తా ఉంది."

బటన్ నొక్కి ఉంచి ఒక్కో చోట కొలిచాం:

- మొదటి లెవెల్: 17.4 వోల్టులు
- రెండో లెవెల్: 16.1
- వంపు: 13.6
- డ్రైవ్ చివర: 12.5

సన్న తీగలో దాదాపు 450 మిల్లీఆంప్‌లు తోస్తే జరిగేదిదే. ఎక్కువ అవసరమున్న చోట తక్కువ అందుతోంది. లావు కేబుల్ వేస్తే తీరుతుంది, కానీ ఖర్చు మూడింతలు. దానికంటే, లైను మీద కబురు మాత్రం పంపి, బలం స్టేషన్లోనే, అంటే ఫోను ఉన్న చోటే, ఉంచడం మేలు.

మొదటి ప్రయత్నం 24 వోల్టుల చిన్న రిలే (కాయిల్‌కు కరెంటు వస్తే అయస్కాంతంలా పట్టి మూసుకునే స్విచ్చి), కాయిల్ 1,440 ఓమ్‌లు. గుడిసెలో బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు పట్టింది. ఒక రాత్రి బ్యాటరీ 22.3కు దిగాక, తడిలో ఉన్న రెండు రిలేలు పట్టలేదు. రిలే పట్టాలంటే 18 వోల్టులు ఉండాలి, మనకు మిగిలిన జాగా చాలా తక్కువ. తీసేశాం.

నిలబడింది ఆప్టోకప్లర్ (లోపలి చిన్న దీపం వెలిగితే ఎదుటి ట్రాన్సిస్టరు తెరుచుకునే చిప్పు, మాది పీసీ817):

1. పిలుపు జత నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టరు, పీసీ817లోని దీపానికి. స్టేషన్‌కు 2.3 మిల్లీఆంప్‌లే.
2. ఆప్టో ట్రాన్సిస్టరు 12 వోల్టుల నుంచి ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్ఫెట్ (పెద్ద కరెంటుకు స్విచ్చిలా పనిచేసే చిప్పు) గేటుకు. గేటు నుంచి మైనస్‌కు 100 కిలోఓమ్‌లు. ఇది మరిస్తే సైరన్ ఆగదు.
3. మాస్ఫెట్ కింద 12 వోల్టుల సైరన్, దీపం. బలం స్టేషన్లోని సొంత 7 ఆంపియర్ అవర్ బ్యాటరీది.

ఇప్పుడు డ్రైవ్ చివర పిలుపు జత మీద 23.7 వోల్టులు. గుడిసె బ్యాటరీ 18కి పడిపోయినా సైరన్ మోగింది.

తర్వాత ఇంకో దయ్యం. కింద నీళ్ల పంపు స్టార్టరు వేసినప్పుడల్లా అన్ని సైరన్లూ ఒక కిచకిచ. షాఫ్టులో మన కేబులూ పంపు మూడు ఫేజుల కేబులూ ఒకే కొక్కేలకు 40 మీటర్లు పక్కపక్కనే దిగుతున్నాయి. మన కేబుల్‌ను షాఫ్టు అవతలి గోడకు మార్చి, ఆప్టో దీపానికి అడ్డంగా 4.7 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ పెట్టాం. ఆగింది. తప్పుడు పిలుపు రెండుసార్లు వస్తే మూడోసారి నిజం పిలుపును ఎవరూ పట్టించుకోరు. అందుకే దీనికి మూడు రోజులు పెట్టినా దండగ అనుకోలేదు.

స్టేషన్ బ్యాటరీలను కింద చార్జి చేయం. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, మూసిన పెట్టెలో అది వద్దు. వారానికోసారి కొలత. 12.4 కంటే తగ్గితే పైకి తెచ్చి మార్చాలి.

ఖర్చు: దండగైన హూటర్లు 1,920, సైరన్లు 1,120, బ్యాటరీలు 4,600, బోర్డులు 640. మొత్తం రూ. 25,020.

దశ 3 (రోజు 20–41): తడి, తెగుడు, పిడుగు

మొదట కీళ్లకు నల్ల టేపు చుట్టాం. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) జతల మధ్య మొదటి రోజు 200 మెగాఓమ్‌ల పైమాటే, తొమ్మిదో రోజుకు 0.4. మైకా తనంతట తాను గొప్ప ఇన్సులేటరే. ఒకప్పుడు రేడియో కెపాసిటర్ల లాంటి వాటి కోసం ఈ చుట్టుపక్కల గనుల్లోంచి ఆకుపచ్చ మైకా పొరలు ఓడలెక్కాయి. కానీ గని గోడ మీద ఉన్నది మైకా ఒక్కటే కాదు, తడి బురద కూడా. టేపు కిందికి అదే పాకింది. జెల్లీ నింపిన నొక్కుడు కనెక్టర్లు, పైన లోపల జిగురున్న వేడి గొట్టం వేశాక మళ్లీ 200 దాటింది, నెలరోజులూ దిగలేదు.

మెగ్గర్ వేసేముందు ఫోన్లూ ఆప్టో బోర్డులూ లైను నుంచి విప్పాలి. ఒకసారి మర్చిపోయి ఒక ఫోనులో ఎలక్ట్రానిక్స్ కాల్చేశాం.

తెగుడు సంగతికి వస్తే, ఒంటి లైను షాఫ్టులో తెగితే కిందంతా మూగ. డ్రైవ్ చివర నుంచి రెయిజ్ గుండా 46 మీటర్లు పైకి తెచ్చి, నేల మీద 150 మీటర్లు నడిపి తిరిగి గుడిసెలోకి దింపాం. రింగు అయింది. మామూలుగా రింగును గుడిసెలో తెరిచే ఉంచుతాం. కారణం: మూసి ఉంచితే ఒకచోట తెగినా అంతా బాగానే పనిచేస్తుంది, తెగిన సంగతి రెండోది తెగేదాకా తెలియదు. తెరిచి ఉంచితే తిరిగొచ్చే కొస దగ్గర రోజూ ఉదయం వోల్టు కొలిచి, లేకపోతే తెగిందని తెలుసుకుని, స్విచ్చి మూసి, వెతకొచ్చు.

మొదటిసారి స్విచ్చి మూసినప్పుడు పొగ వచ్చింది. తిరిగొచ్చిన జతలో రంగులు తారుమారు, ప్లస్ మీద మైనస్. మాట జతలో 24 వోల్టులు 300 ఓమ్‌ల మీద పడి 80 మిల్లీఆంప్‌లు, రెసిస్టరుకు దాదాపు 1 వాట్. మేం పెట్టినవి అరవాట్‌వి, మాడి గోధుమరంగు తిరిగాయి. 5 వాట్‌లవి వేశాం. పిలుపు జతను 500 మిల్లీఆంప్‌ల ఫ్యూజు కాపాడింది.

రాయి పడి తీగలు తెగకుండా ఒకదానికొకటి నలిగితే రింగు కూడా కాపాడదు. దానికి రెండో లెవెల్ దగ్గరా వంపు దగ్గరా కత్తి స్విచ్చి ఒక్కోటి. పరీక్ష:

1. వంపుకు అవతల జతను పట్టుకారుతో షార్టు చేశాం. అన్నీ చచ్చాయి.
2. వంపు దగ్గరి కత్తి స్విచ్చి లాగారు. గుడిసె నుంచి వంపుదాకా ప్రాణం వచ్చింది.
3. డ్రైవ్ చివరి ఫోను షార్టుకు అవతల ఉంది. షార్టుకూ దానికీ మధ్య స్విచ్చి లేదు కాబట్టి రింగు మూసినా అది మూగే.

మూడోది ఇప్పటికీ ఈ లైనుకున్న లోపమే. చివరి స్టేషన్‌కు ఇరువైపులా స్విచ్చిలు పెడితే తీరుతుంది, కానీ చీకట్లో ఏది లాగాలో గుర్తుండే స్విచ్చిలు రెండే అనిపించింది. ఆ చివరి మనిషి కోసమే దశ 5.

పిడుగు: అక్టోబరు, నవంబరు వానల్లో నేల మీద పాకిన 150 మీటర్ల తీగ పిడుగును నేరుగా గనిలోకి దింపే దారి. షాఫ్టు నోటి దగ్గర, రెయిజ్ నోటి దగ్గర, గుడిసెలో, ప్రతి తీగకూ 230 వోల్టుల గ్యాస్ డిశ్చార్జి ట్యూబు (వోల్టు అంతకు మించితే ఎర్తులోకి వదిలేసేది), ఎర్తుకు. ఎండిన గరప నేలలో ఎర్తు గుంట 14 ఓమ్‌లు చూపింది. బొగ్గు, ఉప్పు, రోజూ రెండు బిందెల నీళ్లతో 6కు దిగింది. ఉరుము వినపడితే కింద పేలుడు మందు నింపడం ఆపాలి. అది మా నియమం కాదు, గనిలో ముందునుంచీ ఉన్నదే.

ఖర్చు: కేబుల్ 6,800, స్విచ్చిలు 420, కనెక్టర్లు, గొట్టాలు 860, ట్యూబులు 540, ఎర్తు 1,700. మొత్తం రూ. 35,340.

దశ 4 (రోజు 42–47): లోరా రేడియో

లోరా అంటే తక్కువ బలంతో చిన్న కబుర్లు దూరం పంపే రేడియో. లైసెన్సు అక్కర్లేని 865–867 మెగాహెర్ట్జ్‌లో, ఎస్ఎక్స్1276 బోర్డులు నాలుగు, 100 మిల్లీవాట్‌లు. డ్రైవ్‌లో తిన్నగా 30 మీటర్లకు సిగ్నలు −74 డీబీఎమ్, 70కి −91 (అంకె పెరిగే కొద్దీ సిగ్నలు తగ్గినట్టు). వంపు తిరిగి 15 మీటర్లు పోగానే −118, ఇంకో 20కి అసలు లేదు. లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య ఏమీ లేదు. వంపుకో బోర్డు పెట్టి గొలుసు కట్టొచ్చు, కట్టాం, పనిచేసింది. కానీ రాయి పడ్డప్పుడు గొలుసులో ఒక బోర్డు పోతే కేబుల్ తెగినట్టే. బోర్డులను ఎవరు ఎక్కడున్నారో చూపే పలకకు వాడుకుంటున్నాం, అత్యవసరానికి లెక్కలో వేయడం లేదు.

లీకీ ఫీడరు (పొడుగునా రేడియో అలలు బయటికి కారే కేబుల్) గురించి చాలామంది అడుగుతారు. వెలిగొండ సొరంగాల్లాంటి 18 కిలోమీటర్ల పొడుగు పనులకు అది సరైనది. కొన్ని వందల మీటర్లకో ఆంప్లిఫయరు, దానికి కరెంటు, నిత్యం చూసే మనిషి కావాలి. 246 మీటర్ల గనికి అది ఎద్దుబండికి లారీ ఇంజను.

ఖర్చు 5,400. మొత్తం రూ. 40,740.

దశ 5 (రోజు 48–83): రాయి గుండా

2006 జనవరి 2న అమెరికాలో సాగో బొగ్గు గనిలో పేలుడు తర్వాత 13 మంది చిక్కుకున్నారు, ఒక్కరే బతికారు. లోపలివాళ్లు వంతులవారీగా సమ్మెటతో కప్పు బోల్టులను కొట్టారు, పైనుంచి బదులు రాలేదు. ఆ ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చి, మూడేళ్లలో తీగలేని రెండువైపుల మాట, మనిషి జాడ తెలిపే ఏర్పాటు పెట్టమంది. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకున్నప్పుడు, మొదటి రోజుల్లో వాళ్ల గొంతు బయటికి వచ్చింది ముందే వేసి ఉన్న 4 అంగుళాల పైపులోంచి. 28న అందరూ బయటపడ్డారు. పైపు మిగలడం అదృష్టం. అలాంటిది మిగలకపోతే రాయి గుండానే పోవాలి.

మామూలు రేడియో రాయిలో చచ్చిపోతుంది. తరచుదనం (ఫ్రీక్వెన్సీ) తగ్గే కొద్దీ లోతుకు పోతుంది. నిరోధకత 1,000 ఓమ్-మీటర్లున్న గట్టి రాయిలో 2 కిలోహెర్ట్జ్ అలకు చర్మలోతు (అల బలం మూడో వంతుకు కాస్త పైన మిగిలే లోతు) దాదాపు 350 మీటర్లు, బాగా తడిసిన 100 ఓమ్-మీటర్ల రాయిలో కూడా 110. మన లోతు 46. మాట పోదు, టకటకలు పోతాయి. అది చాలు.

కింది పంపే తీగ చుట్ట

1. ఇంటి వైరింగ్ తీగ 1 చదరపు మి.మీ., ఒక 90 మీటర్ల కాయిల్ మొత్తం. 1 మీటరు చదరంగా 22 చుట్లు, మడిచి మోసుకుపోయే కర్రచట్రం మీద.
2. ఇండక్టెన్స్ 1.4 మిల్లీహెన్రీ వచ్చింది. సిరీస్‌లో సీలింగ్ ఫ్యాను కెపాసిటరు 4 మైక్రోఫారడ్, పక్కన 0.39. రెసొనెన్స్ (చుట్టలో కరెంటు అన్నిటికంటే ఎక్కువ ఊగే తరచుదనం) 2,030 హెర్ట్జ్ దగ్గర.
3. నాలుగు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్, రెండు ఐఆర్2104 డ్రైవర్లతో బ్రిడ్జి (బ్యాటరీ కరెంటును చుట్టలో అటూ ఇటూ తిప్పేది). 12.8 వోల్టుల 6 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ.
4. చుట్టలో 4.4 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి 3.9.

కెపాసిటరు రెండు కొసల మధ్య 80 వోల్టుల దాకా ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీయే కదా అని తడి చేత్తో ముట్టుకుంటే తెలిసొస్తుంది. కొసలన్నీ ఎపాక్సీలో ముంచాం.

డ్రైవర్లు లేకుండా మైక్రోకంట్రోలర్ 5 వోల్టులు నేరుగా గేటుకిచ్చిన మొదటి బ్రిడ్జి నలభై సెకన్లలో ఉడికింది. ఈ రకం మాస్ఫెట్ 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు.

పై వినే చుట్ట

వెదురు చట్రం 60 సెం.మీ. చదరం, 0.4 మి.మీ. ఎనామిల్ తీగ 200 చుట్లు, 66 ఓమ్‌లు, 64 మిల్లీహెన్రీ. అడ్డంగా 82, 15 నానోఫారడ్‌ల కెపాసిటర్లు. ఎన్ఈ5532 ఆంప్లిఫయరు చిప్పుతో 2,000 రెట్లు పెంచి, ఎల్ఎమ్386 నుంచి హెడ్‌ఫోన్‌కు. 2 కిలోహెర్ట్జ్ చెవికి నేరుగా వినపడేదే కాబట్టి ఇంకేమీ మార్చనక్కర్లేదు. హెడ్‌ఫోన్ చుట్టకు దగ్గరైతే కూత పెడుతుంది, అది తన శబ్దాన్ని తానే వింటోంది. తీగ 2 మీటర్లు పెంచి, చుట్టను చేయి చాపినంత దూరంలో పట్టుకోవాలి.

ఎందుకు 2,025 హెర్ట్జ్

మొదటి ఆసిలేటరు (టోను పుట్టించే చిప్పు) ఎన్ఈ555, 2,046 దగ్గర పెట్టాం. పైన విన్నది ఒక్కటే గోల. కరెంటు 50 హెర్ట్జ్ కదా, దాని 41వ రెట్టు 2,050. రెక్టిఫయర్లున్న (ఏసీని డీసీగా మార్చే) ప్రతి యంత్రమూ బేసి రెట్లను లైన్లోకి కక్కుతుంది. మన టోను సరిగ్గా ఆ గోలలో కూర్చుంది, పైగా 555 వేడికి అటూ ఇటూ జారుతోంది. చుట్టూ నిమ్మ తోటలు. పగలు వ్యవసాయానికి కరెంటు ఇచ్చే గంటల్లో బోరు మోటార్లన్నీ తిరిగితే ఇంకా ఎక్కువ. రాత్రి పూట విని బాగుందనుకున్నవాళ్లు పగలు కూడా వినాలి.

2,000కూ 2,050కూ సరిగ్గా మధ్య 2,025. 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని భాగిస్తే 2,025.3 వస్తుంది. ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. చవక బోర్డుల్లో కొన్నింటికి క్వార్ట్జ్ క్రిస్టల్ బదులు సిరామిక్ రెసొనేటరు ఉంటుంది. ఒకటి 2,031 ఇచ్చింది. కొనేముందు బోర్డు మీద మెరిసే లోహపు డబ్బీ ఉందో లేదో చూడండి.

సెల్‌ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపే ఆప్‌తో, డ్రైవ్ చివర నుంచి, నేల మీద:

- 2,046, పంపు తిరుగుతూ: గోలకంటే 1 డెసిబెల్ పైన, చెవికి లేదు
- 2,025, పంపు తిరుగుతూ: 9 పైన, స్పష్టం
- 2,025, అన్నీ ఆపి: 24 పైన

పంపు ఆపితే సరిపోదా అంటారు. కింద నీరు ఎక్కుతుంటే పంపు ఆపలేం. ఈ దశలో 36 రోజుల్లో 20 దీనికే పోయాయి.

పై నుంచి బదులు: 2.5 చదరపు మి.మీ. తీగ కాయిల్ ఒకటి నేల మీద 22 మీటర్ల చదరంగా పరిచి, సబ్‌మెర్సిబుల్ మోటారు కెపాసిటరు 36 మైక్రోఫారడ్, 7 ఆంపియర్లు. ఒకే చుట్టు కాబట్టి రెసొనెన్స్ వెడల్పు, సర్దాల్సిన పని లేదు. కింద ఇంకో వినే చుట్ట. రెండు కెపాసిటర్లూ ఊరి మోటార్ల షాపులో దొరుకుతాయి, అందుకే వాటి చుట్టూ డిజైను చేశాం.

బ్యాటరీ లెక్క: మొదటి గంట 10 సెకన్లకో టిక్కు, తర్వాత 20 సెకన్లకోటి. 24 గంటలకు 5.4 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 6. అంతకు మించి జాగా లేదు, పాతబడితే సరిపోదు. ఏడాదికోసారి మార్చాలి.

సంకేతాలు ఐదే: ఒకటి ఉన్నాం, రెండు దెబ్బ తగిలింది, మూడు నీరు పెరుగుతోంది, నాలుగు గాలి బాగాలేదు, ఐదు మీ కబురు అందింది. బటన్ల పక్కన అక్షరాలు కాదు, అన్నే రివిట్లు. వేలితో తడిమి లెక్కపెట్టొచ్చు.

మందు నింపేటప్పుడు ఈ చుట్ట ఆన్ చేయకూడదు. 5 మీటర్ల దూరంలో డిటోనేటరు తీగల 2 చదరపు మీటర్ల చుట్టులో పుట్టేది 4 మిల్లీవోల్టులే అని లెక్క. అయినా ఎవరైనా తీగలను చుట్ట మీదే పడేస్తే ఆ లెక్క చెల్లదు. తాళంచెవి బ్లాస్టరు దగ్గరే ఉంటుంది, మందు పని అయ్యాకే తిరిగి పెట్టెలోకి.

ఖర్చు: తీగ కాయిళ్లు 5,250, ఎనామిల్ తీగ 1,560, కెపాసిటర్లు 370, బ్యాటరీ 3,400, బ్రిడ్జి, బోర్డు 1,150, రెండు రిసీవర్లు 1,240, చట్రాలు 300. మొత్తం రూ. 54,010.

దశ 6 (రోజు 84–96): చోటు పట్టడం

చిక్కుకున్నవాళ్లు సరిగ్గా ఎక్కడ, ఎంత లోతులో ఉన్నారో పైనుంచి పట్టడం ఇది. కింది చుట్టను నేల మీద పడుకోబెడితే, సరిగ్గా దాని నెత్తిన అయస్కాంత బలరేఖలు నిట్టనిలువుగా ఉంటాయి.

1. వినే చుట్టను నిలబెట్టి (తలుపులా) నడవండి. శబ్దం పూర్తిగా ఆగే చోటు, ఏ వైపు తిప్పినా ఆగే చోటు, అదే నెత్తి. మేకు కొట్టండి.
2. ఇప్పుడు చుట్టను బల్లలా పడుకోబెట్టి మేకు నుంచి దూరంగా నడవండి. మళ్లీ ఆగే చోటు దాకా దూరం కొలవండి.
3. ఆ దూరాన్ని 1.414తో భాగిస్తే లోతు.

నాలుగు దిక్కుల్లో 61, 64, 66, 73 మీటర్లు. సగటు 66, లోతు 46.7. అసలు 46. తూర్పున 73 రావడానికి అక్కడ నేల వాలే కారణం.

అంతకుముందు మొదటి ప్రయత్నంలో నెత్తి 9 మీటర్లు షాఫ్టు వైపు తప్పింది. కింది చుట్టను గాలి పైపు పక్కనే పెట్టారు. పైపు అలను మోసుకుపోయి షాఫ్టులో తిరిగి కక్కుతోంది. పైపుకూ పట్టాలకూ 5 మీటర్లు ఎడంగా పెడితే తప్పు 2.5 మీటర్లకు దిగింది. చుట్ట వాలుగా ఉన్నా తప్పే. 10 డిగ్రీలు వాలితే ఈ లోతులో 2.7 మీటర్లు జరుగుతుంది. తాపీ మేస్త్రీ రసమట్టం ఒకటి చట్రానికి కట్టేశాం, చీకట్లో మెరిసే రంగుతో.

దశ 7 (రోజు 97 నుంచి): రోజువారీ

షిఫ్టు మొదట్లో వినే చుట్ట మీద ఒక టిక్కు, ఫోను మీద ఒక పలకరింపు, రింగు కొస దగ్గర ఒక కొలత. నాలుగు నిమిషాలు. ప్రమాదమైతే ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు పైన కంప్రెసరు, డ్రిల్లు, లారీలు అన్నీ ఆపి వినాలని గుడిసె గోడ మీద రాశాం. పంపు తప్ప.

ఈ వారం పుస్తకంలో ఉన్నవి:

- వంపు ఫోను చుట్టతీగను ఎలుకలు కొరికాయి. రాగి అల్లిక గొట్టం తొడిగాం.
- మొదటి లెవెల్ బ్యాటరీ 12.31, పైకి తెచ్చాం.
- ఇన్సులేషన్: తూర్పు సగం 200 పైన, రెయిజ్ సగం 38 మెగాఓమ్‌లు. పోయినసారి 90. రెయిజ్ నోటి దగ్గరి ట్యూబు పెట్టెలో నీరు చేరింది, అడుగున రంధ్రం మూసుకుపోయి ఉంది. తెరిచి, ఆరబెట్టి, రంధ్రం 6 మి.మీ.కు పెంచాం. రేపు మళ్లీ కొలవాలి.